చాబీ ఇప్పుడే తిప్పకుండ్రి

బీదర్ పాత ఊళ్లో మా ఇంటి వెనకున్న రేకుల షెడ్డు తలుపు తీసిన రోజు నా దగ్గర రెండే ఉన్నాయి. కారు చాబీ, కొత్త బ్యాటరీ. ఆ రెంటితో పని అయిపోతుందనుకున్నాను. పద్ధెనిమిదేళ్లుగా కదలని బండి అది. నాన్న 1978లో కొన్న ప్రీమియర్ పద్మిని. ఇంట్లో మేమెవరమూ దాన్ని ఆ పేరుతో పిలవలేదు, ఫియట్ అనే అనేవాళ్లం. 2007లో కంటి ఆపరేషన్ అయ్యాక నాన్న దాన్ని షెడ్డులో పెట్టించి, మీద దుప్పటి కప్పించి, వారానికోసారి స్టార్ట్ చెయ్యమని చెప్పారు. రెండు వారాలు చేశాం. మూడో వారం ఏదో పెళ్లి పడింది. ఆ తర్వాత ఎవరికీ గుర్తు లేదు.

బ్యాటరీ బిగించి సీట్లో కూర్చున్నాను. చాబీ పెట్టాను. దించి ఉన్న కిటికీలోంచి ఒక చెయ్యి లోపలికి వచ్చి నా మణికట్టు పట్టుకుంది.

"చాబీ ఇప్పుడే తిప్పకుండ్రి సార్. ఒక్కసారి తిప్పితే పదివేల పని లక్ష అయితది."

ఆ చెయ్యి ఉస్తాద్‌ది. తన పేరు పేపర్లో వద్దన్నాడు కాబట్టి ఉస్తాద్ అనే రాస్తాను. బీదర్ నుంచి హైదరాబాద్ దాకా ఏ గ్యారేజీలోనైనా పెద్ద మెకానిక్‌ను పిలిచే మాట అదే. డెబ్బై దాటాయి. సొంతూరు జహీరాబాద్ దగ్గరి పల్లె. నాతో తెలుగు, మా పక్కింటి వాళ్లతో కన్నడం, తన దగ్గర పని నేర్చుకుంటున్న పిల్లాడితో దక్కనీ ఉర్దూ, వెల్డింగ్ అతనితో మరాఠీ మాట్లాడతాడు. బీదర్‌లో ఇది గొప్పేమీ కాదు, పని జరగాలంటే అన్నీ రావాలి.

బండి నడిస్తే అరుగుతుందని అందరికీ తెలుసు. నిలబెడితే అంతకన్నా పాడవుతుందని నాకు ఆ రోజే అర్థమైంది. ఇంజన్ ఆగినప్పుడు నాలుగు సిలిండర్లలో ఏదో ఒకదాని వాల్వు తెరిచే ఉంటుంది. సైలెన్సర్ వైపు నుంచో కార్బొరేటర్ వైపు నుంచో వానాకాలపు తేమ అందులోకి చేరుతుంది. పిస్టన్ రింగు ఎక్కడ ఆగిందో అక్కడ బోరు గోడమీద సన్నటి తుప్పు గీత కడుతుంది. నూనె మొత్తం కిందికి కారిపోయి బేరింగులు పొడిగా మిగులుతాయి. ఆ స్థితిలో సెల్ఫ్ కొడితే మోటారు తన బలమంతా పెట్టి రింగును ఆ తుప్పు మీదుగా ఈడుస్తుంది. రింగు విరగొచ్చు, బోరు గీరుకుపోవచ్చు. ఒకవేళ ఇంజన్ అందుకున్నా, నూనె పైదాకా చేరేలోపే బేరింగులు దెబ్బతింటాయి.

మా ఊరి ఆకాశంలో వాయుసేన శిక్షణ విమానాల మోత మాకు చిన్నప్పటి నుంచీ అలవాటే. సూర్యకిరణ్ విన్యాసాల బృందం పుట్టింది కూడా ఇక్కడే, 1996లో. విమానం ఇంజన్‌ను ఎక్కువకాలం నిలబెట్టాల్సి వస్తే లోపలంతా రక్షణ నూనె పట్టించి, గాలి దూరే దారులన్నీ మూసి పెడతారు. మేం మా కారుకు దుప్పటి కప్పాం. ఆ దుప్పటే పద్ధెనిమిది వానాకాలాల తేమను పట్టి ఉంచి, టాపు మీద రంగును పొక్కులు పొక్కులుగా లేపింది. నాన్న ఉంటే ఆ పొక్కులు చూసి ఏమనేవారో నేను ఊహించుకోదలచుకోలేదు.

నిజాం గ్యారేజీ

బీదర్ 1948 దాకా నిజాం ఏలుబడిలో, ఆ తర్వాత 1956 నవంబరు 1 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో ఉన్న జిల్లా. నిలబడిపోయిన కార్ల సంగతి మాట్లాడాలంటే ఆ కొలువు దగ్గరికి పోవాల్సిందే.

ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ రోల్స్‌రాయిస్ కంపెనీకి ఒక సిల్వర్ ఘోస్ట్ ఆర్డరిచ్చాడు. బండి రాకముందే, 1911 ఆగస్టులో కన్నుమూశాడు. బార్కర్ సంస్థ బాడీ కట్టిన ఆ పసుపుపచ్చ కారు కొడుకు మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ చేతికి వచ్చింది. వెనక సీటు సింహాసనంలా ఎత్తుగా ఉంటుంది. అందుకే దానికి థ్రోన్ కార్ అన్న పేరు స్థిరపడింది. వేడుకలకే బయటికి తీసేవాళ్లు. దశాబ్దాల తరబడి అది తిరిగింది కొన్ని వందల మైళ్లే. ఇప్పుడు మరమ్మతులన్నీ అయి చౌమహల్లా ప్యాలెస్‌లో అద్దంలా మెరుస్తూ కనబడుతుంది. పాత కార్లు కొనేవాళ్లు మీటరులో అంకె ఎంత తక్కువుంటే అంత సంబరపడతారు. ఉస్తాద్ లెక్క వేరు. తక్కువ తిరిగిన బండి అంటే ఎక్కువకాలం నిలబడ్డ బండి అని ఆయన ముందుగా అనుమానిస్తాడు.

ఏడో నిజాం 1967 ఫిబ్రవరిలో పోయాక మనవడు ముకర్రం జా వారసుడయ్యాడు. అప్పటి నిజాం గ్యారేజీ గురించి చరిత్రకారుడు విలియం డాల్‌రింపుల్ రాసిన లెక్క నన్ను చాలా రోజులు వెంటాడింది. 60 కార్లు. వాటి పెట్రోలుకూ విడిభాగాలకూ ఏడాదికి 45,000 పౌన్లు. నడిచే స్థితిలో ఉన్నవి నాలుగు. పట్టాభిషేకం నుంచి కొత్త నిజాంను తీసుకెళ్లాల్సిన కారే మొరాయించింది. ముకర్రం జాకేమో యంత్రాలంటే ప్రాణం. తర్వాతి కాలంలో పశ్చిమ ఆస్ట్రేలియాలో గొర్రెల క్షేత్రం కొనుక్కుని అక్కడ బుల్‌డోజర్లు నడిపిన మనిషి. డబ్బుకు కొదవలేని ఇంట్లో 56 కార్లు ఆగిపోవడానికి నాకు ఒక్క కారణమే తోస్తుంది. వాటిని వారానికోసారి తీసి ఊరి చుట్టూ తిప్పే బాధ్యత ఏ ఒక్క మనిషి మీదా లేదు. మా ఇంట్లో జరిగిందీ అదే.

మాది సింహాసనం కారు కాదు. ముంబయి కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ తయారుచేసిన 1089 సీసీ బండి. ఇటలీ ఫియట్ 1100డీ మన దగ్గర 1964లో డిలైట్‌గా వచ్చి, తర్వాత ప్రీమియర్ ప్రెసిడెంటై, 1974లో పద్మిని అయింది. గేరు రాడ్డు స్టీరింగు పక్కనే ఉంటుంది. లాల్ బహదూర్ శాస్త్రి గారు ప్రధానిగా ఉండి కూడా 12,000 రూపాయల ఫియట్ కొనడానికి బ్యాంకులో 5,000 అప్పు చేశారు. ఆయన పోయాక ఆ బాకీని లలితా శాస్త్రి గారు పింఛనులోంచి తీర్చారు. ఈ సంగతి చెప్పకుండా నాన్న ఎవరినీ మా కారు ఎక్కించేవారు కాదు. 2023 అక్టోబరు నెలాఖరుకు ముంబయి కాలీపీలీ ట్యాక్సీల్లో చివరి పద్మినికి ఇరవై ఏళ్ల గడువు తీరి రోడ్డు దిగింది. టీవీలో ఆ వార్త చూసి అమ్మ, "మనది ఎట్లున్నదో ఒకపారి చూడరాదురా" అంది. చూడటానికి నాకు ఇంకో రెండేళ్లు పట్టింది.

మొదటి రోజు ఉస్తాద్ ఇంజన్ ముట్టలేదు. నేను బిగించిన బ్యాటరీ ఊడదీయించాడు. టార్చిలైటు పట్టుకుని బండి చుట్టూ, కింద, డ్యాష్‌బోర్డు వెనక గంటసేపు చూశాడు. ఎయిర్ క్లీనర్ డబ్బా విప్పితే కంది పొట్టు, జొన్న బెండ్లు, మా చెల్లెలి చున్నీ ముక్క. ఎలుకలు కట్టుకున్న ఇల్లు. అవి వైర్ల మీది తొడుగు కూడా కొరికేశాయి. రెండు చోట్ల రాగి తీగ బయటపడి బాడీకి ఆనుకుని ఉంది. బ్యాటరీ కనెక్షన్ ఇంకాసేపు అట్లాగే ఉంటే షెడ్డులో పొగ లేచేది.

రెండో రోజు నాలుగు ప్లగ్గులూ ఊడదీసి, ఒక్కో రంధ్రంలో డీజిలూ ఇంజన్ ఆయిలూ కలిపిన నూనె చిన్న చెంచాలతో పోశాడు. గుడ్డలు కుక్కి మూసేశాడు. పోయాడు. మర్నాడు వచ్చి టీ తాగాడు, క్రాంక్ పుల్లీ నట్టుకు పానా వేసి ఇటు కాస్త, అటు కాస్త ఒత్తి చూశాడు. కదల్లేదు. ఇంకో చెంచా నూనె. పోయాడు. నాలుగో రోజూ అంతే. పానాకు పైపు తొడిగి గట్టిగా లాగుదామన్నాను. నా వైపు తిరిగి చూశాడు తప్ప జవాబివ్వలేదు. ఐదో రోజు పానా వేలెడంత కదిలింది. ఆయన ముందుకు తిప్పలేదు. అంతే దూరం వెనక్కి, మళ్లీ అంతే ముందుకు, ఆ వేలెడంతలోనే పావుగంట ఊపాడు. తుప్పు నూనెలో కలిసి కరిగే దాకా అలా చెయ్యాలట. మధ్యాహ్నానికి ఇంజన్ ఒక పూర్తి చుట్టు తిరిగింది. లోపలి నుంచి ఏ చప్పుడూ లేదు, నూనె పిసికిన మెత్తటి శబ్దం తప్ప. పని నేర్చుకునే పిల్లాడు చప్పట్లు కొట్టాడు. నాకు కళ్లు తడిశాయి, ఆ సంగతి దాచుకోవడం ఎందుకు.

అప్పుడు గానీ పాత ఆయిల్ దించలేదు. చిక్కటి తారులా ఉంది, అడుగున నీటి బొట్లు. రేడియేటర్ కడగడం, హోస్ పైపులూ ఫ్యాన్ బెల్టూ మార్చడం ఒక్క రోజులో అయిపోయాయి. అసలు కష్టం పెట్రోలు దారిలో ఉంది.

జింకు సంగతి

ట్యాంకులో మిగిలిన పెట్రోలు డికాక్షన్ రంగులోకి మారి వార్నిష్ వాసన కొడుతోంది. పెట్రోలులో తేలికగా ఆవిరయ్యే భాగాలు ముందే పోతాయి. మిగిలింది గాలితో కలిసి జిగురవుతుంది. ఆ జిగురు ట్యాంకు గోడలకూ పైపులకూ పట్టేస్తుంది. ట్యాంకు దించి, గుప్పెడు నట్లు వేసి, నీళ్లూ సబ్బూ పోసి, ఇద్దరు పట్టుకుని గంటసేపు ఊపాం. ఒక అంచున చిన్న చిల్లు కనబడింది. వెల్డింగ్‌కు తీసుకుపోబోతుంటే ఉస్తాద్ మళ్లీ ఆపాడు. ఖాళీ ట్యాంకు నిండు ట్యాంకు కన్నా ప్రమాదం. లోపల మిగిలిన ఆవిరి నిప్పు తగిలితే పేలుతుంది. ట్యాంకు నిండా నీళ్లు పోసి, చిల్లు దగ్గర మాత్రం ఖాళీ ఉంచి, నిప్పు చూపకుండా వేడి కాల్పుడు కడ్డీతో టంకం పెట్టించాడు. ఇంట్లో పాత బండి ఉన్నవాళ్లు ఈ ఒక్క వాక్యం కత్తిరించి దాచుకున్నా చాలు.

కార్బొరేటర్ విప్పినప్పుడు ఫ్లోటు గిన్నె అడుగున సున్నంలాంటి తెల్లపొడి పేరుకుని ఉంది. ఉస్తాద్ దాన్ని గోటితో గీకి చూపించాడు.

"ఇది మీ బీదరోళ్ల లోహమే సార్. జస్తా."

జస్తా అంటే జింకు. ఆ మాటతో నాకు మా ఊరే కొత్తగా కనబడింది. కార్బొరేటర్ ఒళ్లంతా జింకు మిశ్రమంతో పోత పోసినది. మా బిద్రీ పాత్రలూ అంతే. పదహారు పాళ్లు జింకు, ఒక పాలు రాగి. పోత పోసి, చెక్కి, వెండి తీగ పొదిగి, చివర్లో కోటలోని మట్టిని నవసాగరంతో కలిపి నీళ్లలో మరిగించి పాత్రకు పట్టిస్తారు. జింకు నల్లగా మారిపోతుంది, వెండి తెల్లగానే మిగులుతుంది. వాన తగలని, ఎండ పడని మూలల మట్టే దానికి పనికొస్తుందని కళాకారులు నాలుక మీద పెట్టుకుని రుచి చూసి ఎంచుకుంటారు. 2023లో పద్మశ్రీ అందుకున్న షా రషీద్ అహ్మద్ ఖాద్రీ చేసేది ఈ పనే. జింకు దేనితో కలిస్తే ఏమవుతుందో ఈ ఊరు వందల ఏళ్లుగా ఎరుగును. అదే జింకు నీరు చేరిన పెట్రోలులో ఏళ్ల తరబడి మునిగి ఉంటే తెల్లగా పొడిబారుతుంది. ఆ పొడి సూది బెజ్జమంత జెట్టులో ఇరుక్కుంటే ఇంజన్‌కు పెట్రోలు అందదు.

పిల్లాడు గుండుసూది తెచ్చి జెట్టులో పొడవబోయాడు. ఉస్తాద్ చేతిలోంచి సూది లాక్కున్నాడు. ఇత్తడి జెట్టు రంధ్రానికి కొలత ఉంటుంది. సూది దాన్ని వెంట్రుకవాసి పెంచినా బండి జీవితాంతం పెట్రోలు ఎక్కువ తాగుతుంది. థిన్నర్‌లో రాత్రంతా నానబెట్టి, తెల్లారి గాలి కొట్టి, వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూడాలి. చిన్న నక్షత్రంలా వెలుగు కనబడితే జెట్టు శుభ్రమైనట్టు. పిల్లాడు ఒక్కో జెట్టునూ సూర్యుడికి ఎత్తి చూస్తుంటే ఉస్తాద్ ముఖంలో నేను చూసిన సంతోషం, ఇంజన్ తిరిగినప్పుడు కూడా చూడలేదు.

ఇప్పుడు ఇంకో చిక్కు ఉంది. ఈ బండి పుట్టినప్పటి పెట్రోలు వేరు. 2000 ఫిబ్రవరి దాకా మన పెట్రోలులో సీసం ఉండేది. ఇప్పుడు బంకుల్లో దొరికేది ఇరవై శాతం ఇథనాల్ కలిపినది. ఆ ఇథనాల్‌లో కొంత చెరకు నుంచి వచ్చేదే, బీదర్ చెరకు పండే జిల్లా. మా బాబాయి పొలంలో గడ నరికిన చోటికీ మా ఫియట్ ట్యాంకుకూ ఇట్లా సంబంధం కుదిరింది. రైతు ఇంట్లో పుట్టినవాడిగా నాకు ఇథనాల్ మీద కోపం లేదు. కానీ పాత రబ్బరు దాన్ని తట్టుకోదు. ఉబ్బుతుంది, పగులుతుంది. గాలిలోని నీటిని కూడా ఇథనాల్ లాక్కుంటుంది. పాత ట్యాంకు గోడల మీది జిగురును కరిగించి తెచ్చి ఫిల్టర్‌లో పడేస్తుంది. అందుకే పెట్రోలు పంపు డయాఫ్రమ్, పైపులు, వాషర్లు మొత్తం ఇథనాల్‌ను తట్టుకునే రకం వేశాం. వీటికోసం హైదరాబాద్ పుత్లీబౌలి, జాంబాగ్ దుకాణాల్లో రెండు రోజులు తిరిగాను. ఒక చోట కొత్తవని అమ్మిన కాంటాక్ట్ పాయింట్లు పనికిరాలేదు. షెడ్డు మూలలో నాన్న బిస్కెట్ డబ్బాలో దాచిన పాత పాయింట్లను ఉస్తాద్ సన్నటి గరుకు కాగితంతో రుద్ది, గేజి పెట్టి సందు చూసి బిగించాడు. అవే నిలబడ్డాయి.

స్టార్ట్ చేద్దామా అంటే ఇంకా లేదన్నాడు. "నడిచేకంటె ముందు ఆగుడు నేర్వాలె."

నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే. రెండు డ్రమ్ములు తుప్పుతో షూలకు అతుక్కుపోయి, చెక్క సుత్తితో చుట్టూ కొడితే గానీ రాలేదు. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకునే రకం. పద్ధెనిమిదేళ్లలో అది పీల్చిన నీరు వీల్ సిలిండర్ల లోపల గుంటలు చేసింది. రెండింటిని మార్చాం, రెండింటిని రుద్ది, కొత్త రబ్బరు కిట్లు వేశాం. ఆ రబ్బర్లను పెట్రోలుతో కడగకూడదు, ఉబ్బిపోతాయి. బ్రేక్ ఆయిల్‌తోనే కడగాలి. టైర్లు చూపుకు బాగానే ఉన్నాయి, గాలి కూడా నిలబడింది. పక్కన గుద్దిన అంకె 2305 అని ఉంది, అంటే 2005లో 23వ వారం. చూపుకు బాగున్నదే ప్రమాదం అని నాలుగూ తీసి పక్కన పడేశాడు.

కాగితాల సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే చాలామంది ఇక్కడే పొరబడుతున్నారు. 2021 జూలైలో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన సొంత వాహనమే వింటేజ్. కొత్త నంబరులో వీఏ అక్షరాలు వస్తాయి. కొత్త రిజిస్ట్రేషన్ రుసుము 20,000 రూపాయలు, పదేళ్ల గడువు. మాది 2028లో ఆ వయసుకు వస్తుంది. అయితే ఆ నంబరు తీసుకున్న బండిని రోజూ తిప్పడానికి వీల్లేదు. ప్రదర్శనలకూ, ర్యాలీలకూ, పెట్రోలు పోయించుకోవడానికీ, మరమ్మతులకూ మాత్రమే రోడ్డెక్కాలి. అందుకే నేను 2028 వచ్చినా ఆ దారి పట్టను. మా ఆర్‌సీ 2008లోనే గడువు తీరింది. ఫిట్‌నెస్ చేయించి, బాకీ రుసుములు కట్టి, మామూలు బండిగానే తిరగరాయించుకుంటాను. కూరగాయలకు పోయే కారు కూరగాయలకే పోవాలి. మళ్లీ దుప్పటి కప్పే గతి పట్టకూడదు.

నలభై అడుగులు

ఇరవై ఆరో రోజు, ఆదివారం. కొత్త ఆయిల్, కొత్త ప్లగ్గులు. కాయిల్ వైరు ఊడదీసి పక్కన పెట్టాడు, అంటే మంట పుట్టదు, ఇంజన్ ఉత్తగా తిరుగుతుంది. అప్పుడు నా వైపు చూసి, "ఇగ తిప్పుండ్రి" అన్నాడు.

తిప్పాను. సెల్ఫ్ మూలిగింది. ఇంజన్ బరువుగా తిరిగింది. డ్యాష్‌బోర్డులో ఆయిల్ ఎర్ర బల్బు వెలుగుతూనే ఉంది. పది లెక్కపెట్టి ఆపమన్నాడు. మళ్లీ పది. మూడోసారి బల్బు ఆరిపోయింది. నూనె పైదాకా చేరింది. కాయిల్ వైరు పెట్టాడు. పెట్రోలు పంపు మీదున్న చిన్న లివరును వేలితో నొక్కి కార్బొరేటర్ నింపాడు. చోక్ లాగాను.

మొదటిసారి ఒక్క దగ్గు. రెండోసారి నీలం పొగ, సైలెన్సర్‌లోంచి ఎలుకలు దాచుకున్న కందిపొట్టు. మూడోసారి ఒకటి, మూడు, నాలుగు, రెండు, ఆ వరసలో సిలిండర్లన్నీ అందుకున్నాయి. ఆ చప్పుడు నేను మరిచిపోలేదని నాకు అప్పటిదాకా తెలియదు. బడికి ఆలస్యమైన పొద్దుల్లో గేటు దగ్గర ఆగి నాన్న నన్ను పిలిచిన చప్పుడు అదే. అమ్మ వంటింట్లోంచి తడి చేతులతోనే వచ్చి షెడ్డు గుమ్మంలో నిలబడింది. ఏమీ అనలేదు. బానెట్ మీద అరచెయ్యి ఆనించి, వేడెక్కే దాకా అట్లాగే ఉంది.

షెడ్డు నుంచి పెరట్లో వేపచెట్టు దాకా నలభై అడుగులుంటాయి. ఫిట్‌నెస్ అయ్యేదాకా మాకున్న రోడ్డు అంతే. మొదటి గేరులో వదిలాను. చక్రాలు కరకరలాడుతూ ఎర్రమట్టి మీద కదిలాయి. చెట్టు కింద బ్రేకు తొక్కితే ఆగింది. అమ్మ వెనక సీట్లో ఎక్కి కూర్చుని, కిటికీ దించి, హోళీ తర్వాత అష్టూరు ఉర్సుకు ఇందులోనే పోవాలంది. నా చిన్నప్పుడు ఏటా అట్లాగే పోయేవాళ్లం. అహ్మద్ షా వలీ సమాధి దగ్గర ఆ రోజు లింగాయతులూ ముసల్మానులూ ఒకే వరసలో నిలబడతారు. ఊరి నుంచి మూడు కిలోమీటర్లే, కానీ దిగుడు రోడ్డు. వెళ్లేటప్పుడు బ్రేకు, వచ్చేటప్పుడు ఇంజన్, రెంటికీ పరీక్షే.

ఉస్తాద్ ఆ మాటలు వినడం లేదు. వెనక ఎడమ చక్రం దగ్గర గొంతుక్కూర్చుని ఉన్నాడు. మట్టి మీద రూపాయి బిళ్లంత తడి. వేలితో అద్ది, బొటనవేలితో రుద్ది, వాసన చూశాడు.

"ఆయిల్ కాదు సార్, బ్రేకుది. ఈ సిలిండర్ కొత్తది వెయ్యాలె. రేపు డ్రమ్ము ఇప్పుతం."

పిల్లాడు అప్పటికే జాకీ తేవడానికి షెడ్డులోకి పరిగెత్తాడు.